బిస్కెట్ ముక్క తెచ్చిన విమానం

శనివారం పొద్దున మార్లా వేసుకున్న పథకం చాలా చిన్నది. హాలోవే విమానాల మైదానంలో పాన్‌కేకుల విందుకు వెళ్ళాలి. ఆర్విల్ ముసలాయన అమ్ముతానంటున్న విమానాన్ని మర్యాదకు ఒకసారి చూడాలి, బాగుందనాలి, వద్దనాలి, పాప జూని నిద్రవేళకు ఇల్లు చేరాలి. ఆ వద్దనే మాటను నొచ్చుకోకుండా ఎలా అనాలో పాలసీసాలు కడుగుతూ సాధన కూడా చేసుకుంది.

ఆమె భర్త ట్రెంట్ ధాన్యం గిడ్డంగిలో పనిచేస్తాడు. పెద్ద విమానాలు నడిపే ఉద్యోగం అతని కల. అది రావాలంటే పదిహేను వందల గంటలు ఎగిరి ఉండాలి. అందుకని లైల్ నడిపే విమానాల బడిలోని విమానాన్ని అద్దెకు తీసుకుని ఎగురుతున్నాడు. అక్కడ ఉన్నది ఒకటే విమానం, దానికోసం కాచుకున్నవాళ్ళు ఊరంతమంది. ట్రెంట్ వంతు వచ్చిన రోజున కాన్సస్ మైదానాల ఈదురుగాలి లేస్తుంది, గాలి పడిపోయిన రోజున వంతు ఉండదు.

"ఈ లెక్కన నా గంటలు పూర్తయ్యేసరికి జూనియే విమానం నడుపుతూ నన్ను వెనక కూర్చోబెట్టుకుంటుంది," అన్నాడు ట్రెంట్ కారు నడుపుతూ. "సొంతదైతే రోజూ ఎగరొచ్చు. పని అయ్యాక అమ్మేయొచ్చు."

"ఇంటికోసం దాచింది దాని నోట్లో పోస్తే మనమెక్కడుంటాం? రెక్క కింద కాపురమా?"

"నీడగానే ఉంటుంది," అన్నాడు ట్రెంట్. మార్లా నవ్వలేదు.

మైదానంలో అప్పటికే జనం బల్లల దగ్గర బారులు తీరారు. ఆర్విల్ భార్య బెర్నడీన్ పెద్ద పెనం ముందు నిలబడి పాన్‌కేకులు తిరగేస్తోంది. ఆమె తల మీదుగా ఓ లౌడ్‌స్పీకర్ వేలాడుతోంది. విందుకు వచ్చే విమానాలవాళ్ళు రేడియోలో "వస్తున్నాం, దిగుతున్నాం" అని చెప్పేదంతా తింటున్నవాళ్ళకు వినపడాలని ఏటా అలా కడతారు. మైదానంలో దారి చూపే అధికారి ఎవరూ లేరు కనుక, పైనున్నవాళ్ళు ఒకరికొకరు చెప్పుకుంటేనే దిగడం.

ఆర్విల్ విమానం మైదానం ఆ చివర షెడ్డు ముందు ఉంది. నాలుగు సీట్లు, వెలిసిన పసుపు రంగు, లోపల ఎలుకల వాసన. గాలి ఈడ్చికొడుతోందని ట్రెంట్ తలుపులు మూసేశాడు. మార్లా చెవులకూ తన చెవులకూ హెడ్‌ఫోన్లు తగిలించి రేడియో పెట్టాడు.

"విను. ఎన్ని ఊళ్ళవాళ్ళు మాట్లాడుకుంటున్నారో. ఆకాశంలో ఎవరూ ఒంటరి కాదు."

"మన మాటలు వాళ్ళకు వినపడవు కదా?"

"నీ ముందున్న ఆ నడిపే పిడి మీద మీట ఉంది చూడు, అది నొక్కితేనే."

మార్లా ఒళ్ళో కూర్చున్న జూని కూడా ఆ మీటను చూసింది. పళ్ళొస్తున్న పిల్లకు ఇచ్చిన బిస్కెట్ అప్పటికి నాని ముద్దయింది. ఆ ముద్దతోనే పిడి మీద నాలుగు దెబ్బలు వేసింది. రేడియో మూగబోయింది.

"అందరూ దిగిపోయినట్టున్నారు," అన్నాడు ట్రెంట్. "ఇప్పుడు చెప్పు. ఎలా ఉంది?"

సాధన చేసుకున్న మాటలన్నీ ఆ ఎలుకల వాసనకు ఎగిరిపోయాయి. "ఆర్విల్ చేతిలో పాడైన విమానం ఎలా ఉంటుంది? సోయా చేలో దిగినప్పుడు ఇంజిన్ ఆగిపోయిందని చెప్పుకుంటాడు చూడు, ఇంజిన్ దోషమేం లేదట. ఇంధనం చూసుకోవడం మరిచాడట. చర్చి వంటగదిలో బెర్నడీన్ నాతో చెప్పింది. కడుపుబ్బ నవ్వింది కూడా."

ట్రెంట్ నోరు తెరిచాడు. అలా చేలో క్షేమంగా దిగినందుకు మెచ్చుకుని విమానాల క్లబ్బువాళ్ళు ఆర్విల్‌కు ఇచ్చిన చెక్క ఫలకం పాన్‌కేకుల బల్ల వెనకే వేలాడుతోంది.

"ఆయన చెప్పే ధరలో సగమిస్తే చాలు, రేపే తోలుకుపొమ్మంటానందామె. మొగుడు పొద్దస్తమానం ఇక్కడే దాక్కుంటున్నాడట. వద్దు ట్రెంట్, అద్దె విమానమే నయం. దాన్నైనా లైల్ కనిపెట్టుకుని చూస్తాడు."

"లైల్ చూస్తాడా?" ట్రెంట్ నవ్వేశాడు. "తలుపు గడియ విరిగి రెండు నెలలైంది. నా నడుం బెల్టు తీసి దానికి కట్టుకుని ఎగురుతున్నాను."

మార్లా, విమానం నేల మీదే ఉన్నా పాపను రెండు చేతులా పట్టుకుంది. "తలుపు కట్టుకుని ఎగురుతున్నావా? ఇంటికొచ్చి గాలి హాయిగా ఉందన్నావే?"

"హాయిగానే ఉంది. కాస్త ఎక్కువ వచ్చింది."

"నేను అద్దెదే ఎందుకు కావాలంటున్నానో తెలుసా?" అంది మార్లా. "అద్దెదైతే నువ్వు నెలకు రెండుసార్లే ఎగురుతావు. నేను నెలకు రెండుసార్లే చస్తాను. సొంతదైతే రోజూ చావాలి. అంతే. డబ్బూ కాదు, ఎలుకలూ కాదు."

ట్రెంట్ అద్దంలోంచి పైకి చూశాడు. మార్లా కూడా చూసింది. నాలుగైదు విమానాలు గద్దల్లా చుట్లు కొడుతున్నాయి.

"అవి దిగవేం?"

"పాన్‌కేకులు మాడిపోయాయేమో."

అంతలో లైల్ తన చిన్న బండి మీద దూసుకొచ్చి మార్లా వైపు తలుపు లాగాడు. పిడి మీది మీట సందులోంచి వేలితో బిస్కెట్ ముద్ద తవ్వి తీసి, ఇద్దరి ముఖాల ముందూ పట్టుకున్నాడు. వెంటనే హెడ్‌ఫోన్లో ఎవరిదో నీరసమైన గొంతు వినిపించింది. "హాలోవే మైదానం, ఆ ఆలుమగలు ఏదో ఒకటి తేల్చుకున్నారా? మాకు ఇంధనం అయిపోతోంది. మేము సోయా చేలో దిగలేం."

"మీట ఇరుక్కుంటే వాళ్ళకు నోరుండదు, మీ మాట ఆగదు," అన్నాడు లైల్. "చుట్టుపక్కల ఊళ్ళన్నీ విన్నాయి. అన్నట్టు ట్రెంట్, రేపటినుంచి నీ బెల్టు నువ్వే పెట్టుకో. నా విమానం నీకు లేదు."

బల్లల దగ్గరకు నడిచివెళ్ళడం మార్లాకు శవం వెనక నడిచినట్టుంది. తినేవాళ్ళ ఫోర్కులు గాల్లోనే ఆగాయి. ఫలకం కింద ఆర్విల్ ఎర్రగా కందిపోయి కూర్చున్నాడు.

"విమానం అమ్మను," అన్నాడు. "మీకసలే అమ్మను."

మార్లా అనాలనుకున్నది ఒక్క వద్దు, వినాల్సివచ్చినవి రెండు. అద్దెకు లేదన్నది ట్రెంట్ నోటి చలవ, అమ్మనన్నది తన నోటి చలవ. పక్కన ట్రెంట్ తలెత్తి పైన తిరిగే విమానాలను చూస్తున్నాడు. ఎగరని ట్రెంట్‌ను ఆమె ఎప్పుడూ ఊహించుకోలేదు. జీవితాంతం గిడ్డంగి దుమ్ములో దగ్గుతూ, పైన ఏ విమానం పోయినా తలెత్తి చూసే మనిషి ఆమె కళ్ళముందు కనబడ్డాడు.

"బెర్నడీన్ గారూ, నన్ను క్షమించండి," అంది.

బెర్నడీన్ అట్లకాడ పక్కన పెట్టింది. "దేనికమ్మాయ్? నేను ఇన్నేళ్ళూ చెప్పలేనిది నువ్వు లౌడ్‌స్పీకర్లో చెప్పావు." భర్త వైపు తిరిగింది. "మా పుట్టింటి పొలం అమ్మి కొన్నదది. కాగితాలు నా పేరునే ఉన్నాయి. సగానికి ఇస్తానన్నాను, ఊరంతా విన్నది. మాట తప్పను."

"బెర్నీ," అన్నాడు ఆర్విల్ నీరసంగా.

"నువ్వు తిను." మళ్ళీ మార్లాతో అంది. "నలభై ఏళ్ళు నేనూ చచ్చాను. ఒక సంగతి చెప్పనా? నెలకు రెండుసార్లు ఎగిరేవాడి చేతులు రెండుసార్లూ కొత్తగానే ఉంటాయి. రోజూ ఎగిరేవాడి చేతికి పని తెలుస్తుంది. తలుపు సొంతదైతే గడియ కూడా వేయించుకుంటాడు. భయం అంటావా, అది అంట్లలాంటిది. రోజూ తోమడమే, అయిపోవడం ఉండదు."

పైన విమానాలు ఒక్కొక్కటే దిగి, దిగినవాళ్ళు కూడా వచ్చి చుట్టూ నిలబడ్డారు. వాళ్ళకూ ముగింపు కావాలి. మార్లా భర్త నడుం వైపు చూసింది. బెల్టు లేదు.

"మెకానిక్ అంతా విప్పి చూసి సరేనంటేనే," అంది. "ఎలుకల గూడు మీరే తీయించాలి. కాగితాలు మాత్రం నా పేరున రాయండి."

"నీ పేరునా? నువ్వు ఎగరవు కదా," అన్నాడు ట్రెంట్.

"ఎగరను. నువ్వు ఎగురు, అద్దెకు. ఆకాశంలో ఒక గంటకు జూని దగ్గర ఒక గంట. అద్దె ముందే చెల్లించాలి."

జనం చప్పట్లు కొట్టారు. ఆర్విల్ మూడో పాన్‌కేకు మీద పాకం పోసుకుంటూ, ఇంధనం చూసుకోమని ట్రెంట్‌కు సలహా ఇచ్చాడు.

ఆ ఏడు చలికాలమంతా గాలి ఆగలేదు, విమానం షెడ్డు దాటలేదు. వసంతం వచ్చేసరికి ట్రెంట్ ఎగిరింది కొద్దే గాని, జూని దగ్గర గడిపే గంటల అద్దె మాత్రం ఆగస్టు దాకా ముందే కట్టేసి ఉన్నాడు.