మంచు నెల కచేరీ

ఒక పెద్ద అడవిలో, మంచు నెల వచ్చిందంటే సూర్యుడు ఆలస్యంగా లేచి, పెందలాడే వెళ్ళిపోయేవాడు. ఆయన అలిగాడని అడవి నమ్మకం. ఆ అలక తీర్చడానికి ఏటా ఒక ఉదయం జంతువులన్నీ కలిసి పన్నెండు కీర్తనలు పాడేవి. పాట నేర్పేది సుగుణమ్మ అనే గోరింక.

ఆ ఏడు సంఘం కార్యదర్శి పానకాలు అనే నక్క వెళ్ళి, పులిగారిని ముఖ్య అతిథిగా పిలిచి వచ్చాడు. కచేరీ ముగిసేదాకా ఎవరినీ తిననని పులిగారు మాట ఇచ్చారట. ముగిశాక సంగతేమిటని పానకాలు అడగలేదు. అడిగితే మర్యాదగా ఉండదనుకున్నాడు.

మర్నాడే సుగుణమ్మ దగ్గరికి వచ్చి, మాణిక్యమ్మను బృందంలోంచి తీసెయ్యమన్నాడు. మాణిక్యమ్మ ముసలి అడవి గేదె. పదేళ్ళుగా వెనక వరసలో నిలబడి, కళ్ళు మూసుకుని, శ్రుతితో నిమిత్తం లేకుండా పాడుతోంది. సాధనకు ఒక్క రోజు ఎగ్గొట్టి ఎరగదు. అలాంటిదాన్ని పొమ్మనడానికి సుగుణమ్మకు నోరు రాలేదు.

"పోనీ, ఉత్తినే నోరు ఆడించమనండి పంతులమ్మగారూ. వరసా నిండుతుంది, పరువూ దక్కుతుంది" అన్నాడు పానకాలు.

సుగుణమ్మ రెండు రోజులు మథనపడి, చివరికి ఆ మాట మాణిక్యమ్మ చెవిలో వేసింది. మాణిక్యమ్మ సంతోషంగా తలూపింది. ఆ పూట సుగుణమ్మకు గింజ సయించలేదు.

సంగతి ఎలాగో పొక్కింది. కాకి గొంతు బాగాలేదని నెమలి పానకాలుకు ఫిర్యాదు చేసింది. నెమలి మీద కాకి చేసింది. వాళ్ళిద్దరి మీదా కోతి, కోతి మీద ఎలుగుబంటి, అలా అందరి మీదా ఎవరో ఒకరు. పానకాలు ఏ ఫిర్యాదునూ తోసిపుచ్చే రకం కాదు. ఒక్కొక్కరినే పక్కకు పిలిచి, వాళ్ళ గొంతు మరీ గొప్పదనీ, మిగతావాళ్ళు తట్టుకోలేకపోతున్నారనీ, ఆ రోజుకు నోరు మాత్రం ఆడించమనీ, ఎవరికీ చెప్పొద్దనీ బతిమాలాడు. పంతులమ్మకు కూడా చెప్పలేదు.

కచేరీ రోజు పులిగారు ముందు వరసలో కూర్చున్నారు. సుగుణమ్మ రెక్క ఎత్తింది. నలభై నోళ్ళు తెరుచుకున్నాయి. ఒక్కదాంట్లోంచీ చప్పుడు రాలేదు.

పులిగారు కాసేపు చూసి, మూతి నాక్కుని, "అయిపోయిందా?" అని అడిగారు.

పానకాలు మెల్లిగా వెనక్కి జరిగాడు. సుగుణమ్మ మాత్రం ఎత్తిన రెక్క దించలేదు. దించితే ముగిసినట్టే.

అప్పుడు వెనక వరసలో మాణిక్యమ్మ, ఎప్పటిలాగే అందరికన్నా ఆలస్యంగా, పాట అందుకుంది. చరణాలన్నీ, ఒక్క మాట పొల్లుపోకుండా. ఆవిడకు అన్నీ వచ్చని పదేళ్ళుగా నేర్పుతున్న సుగుణమ్మకే తెలియదు. ఆరో కీర్తనకు లేళ్ళు జారుకున్నాయి, తొమ్మిదోదానికి కుందేళ్ళు. పదకొండోది ఎత్తుకోగానే పులిగారు తలనొప్పిగా ఉందనీ, ఆకలి కూడా చచ్చిందనీ చెప్పి లేచి వెళ్ళిపోయారు.

మాణిక్యమ్మ పన్నెండోది కూడా పూర్తి చేసింది.

సుగుణమ్మ ఆవిడ భుజం మీద వాలి, ఆ రోజు తను అన్న మాట తప్పేనని చెప్పుకుంది. మాణిక్యమ్మ తల తిప్పింది.

"ఆ చెవి వినపడదు పంతులమ్మా, ఇటు రా. మొన్న కూడా అటువైపే ఏదో చెప్పావు. గట్టిగా పాడమన్నావనుకున్నాను."

సుగుణమ్మ ఎగిరి రెండో చెవి పక్కన వాలింది. "అదే అన్నాను" అంది.

వారం తిరక్కుండా సంఘం సమావేశమై, కచేరీని ఇంత క్షేమంగా జరిపించినందుకు పానకాలుకు శాలువా కప్పింది.

నీతి: సలహా అందరికీ వినపడిన చోట, పాటను నిలబెట్టేది చెవిటివాళ్ళే.