సాంచాల వాడలో ఎర్రకాళ్ల కొంగలు

ఆ రోజు పొద్దున పరశురాములు వేసుకున్న పథకం చాలా చిన్నది. హైదరాబాద్ నుంచి పక్షుల మేడం వస్తుంది, పెరట్లో చింతచెట్ల మీదున్న కొంగలను చూస్తుంది, తన భార్య వినోద చేసిన సర్వపిండి తింటుంది, సంతోషంగా వెళ్లిపోతుంది. ఇందులో చెడిపోవడానికి ఏమీ లేదు. చెడగొట్టడానికి తానున్నానన్న సంగతి ఒక్కటే పరశురాములు లెక్కలోకి తీసుకోలేదు.

నర్సక్కపేట కరీంనగర్ నుంచి సిరిసిల్ల పోయే దారిలో కాస్త లోపలికి ఉంటుంది. నేతవాళ్ల ఊరు. పరశురాములు ఉండే వాడకట్టులో ప్రతి ఇంటి వెనకా మరమగ్గాల షెడ్డు ఉంది. మరమగ్గాలను అక్కడ సాంచాలంటారు. రాత్రీ పగలూ అవి ఆడుతూనే ఉంటాయి. ఎవరైనా చనిపోతే మాత్రం వాడకట్టంతా సాంచాలు ఆపేస్తారు, అప్పుడు డప్పులు మోగుతాయి. కాబట్టి నిశ్శబ్దం అంటే ఏమిటో అక్కడ ఎవరికీ తెలియదు. పక్కన కూర్చున్న మనిషితో మాట్లాడినా పక్క ఊరి మనిషిని కేకేసినట్టే మాట్లాడతారు. పెళ్లిచూపులకు వచ్చినవాళ్లు లోపల కొట్లాట జరుగుతోందనుకుని వాకిట్లోంచే తిరిగి వెళ్లిన సందర్భాలున్నాయి.

అలాంటి వాడకట్టుకు మూడేళ్లుగా ఎర్రకాళ్ల కొంగలు వస్తున్నాయి. చలికాలంలో వచ్చి, పరశురాములు పెరట్లోని చింతచెట్ల మీద గూళ్లు కట్టి, ఊరి చెరువులో చేపలు పట్టుకుని, పిల్లలు ఎగరడం నేర్చాక వెళ్లిపోతాయి. పసుపుపచ్చని పొడుగు ముక్కు, తెల్లటి ఒళ్లు, తోక దగ్గర గులాబీ రంగు. అంత చక్కటి రంగు నూలు తన చేతికి ఒక్కనాడూ రాలేదని పరశురాములు అనుకునేవాడు. దుబాయిలో ఉన్న బామ్మర్దికి రోజుకో వీడియో పంపేవాడు. బామ్మర్ది మొదట్లో మెచ్చుకున్నాడు, తర్వాత తెరిచి చూడటం మానేశాడు.

అయితే కొంగలు అందంతో పాటు రెట్ట కూడా తెచ్చాయి. వాడకట్టు పెద్దమనిషి దశరథం దాన్ని పట్టుకున్నాడు. రెట్టవల్ల పిల్లలకు రోగాలొస్తాయని, చింతచెట్లు కొట్టేయాల్సిందేనని పట్టుబట్టాడు. చెట్లు పరశురాములువే అయినా, నలుగురి మాట కాదని ఆ వాడలో బతకడం కష్టం. అందుకని అతను వాళ్లనూ వీళ్లనూ అడిగి, తెలంగాణలో పక్షిప్రియులు చూడదగ్గ చోట్ల గురించి పుస్తకం రాస్తున్న సృజన అనే ఆవిడను రప్పిస్తున్నాడు. తమ వాడకట్టు ఆ పుస్తకంలోకి ఎక్కితే చెట్లు ఉంటాయి, లేకపోతే మర్నాడే రంపం. ఇదీ ఒప్పందం. దశరథం ఒప్పుకోవడమైతే ఒప్పుకున్నాడు గానీ, రంపపు మిషన్ మనిషిని సిద్ధంగా ఉండమని ముందే చెప్పాడు.

వచ్చే ముందురోజు సృజన ఫోన్‌లో, "గోల లేకుండా చూడండి అన్నా, పక్షులు బెదురుతాయి" అంది. స్వాగతం పేరుతో డప్పులూ పటాకులూ పెట్టొద్దని ఆమె ఉద్దేశం. పరశురాములు మరీ శ్రద్ధగల మనిషి. తెల్లవారగానే తన షెడ్డులోని సాంచాలన్నీ ఆపేశాడు.

ఆపగానే పక్కింటి సదానందం సాంచాలు వినిపించాయి. వాటికి అంత గొంతు ఉందని పరశురాములుకు అంతవరకూ తెలియదు. గోడ దగ్గరికి వెళ్లాడు.

"బావా! నీ సాంచాలు జర బందు వెట్టరాదె. మేడం వస్తుంది."

"రానీ. నా సాంచాలు మేడంను ఏమంటున్నయి?"

"మేడంను గాదు, కొంగలను. లొల్లికి బెదురుతయట."

"మూడేండ్ల సంది బెదరనియి గియ్యాల బెదురుతయా?"

ఇది చాలా మంచి ప్రశ్న. పరశురాములు కాసేపు ఆగి దీనికి జవాబు ఆలోచించి ఉంటే ఈ కథ ఇక్కడే అయిపోయేది. కానీ అతను, "చదువుకున్న మనిషి చెప్పింది బావా" అన్నాడు. ఆ మాటకు సదానందం కాస్త మెత్తబడ్డాడు. అవతలి ఇంటివాడు ఆపితే తానూ ఆపుతానన్నాడు. అవతలివాడు ఆ పైవాడు ఆపితే ఆపుతానన్నాడు. అలా పోయి పోయి సంగతి దశరథం షెడ్డు దాకా వచ్చింది. దశరథం నవ్వుతూ స్విచ్చి కట్టేసి, "తర్వాత నన్ను అనొద్దు" అని చెప్పి, పరశురాములు వాకిట్లో అతిథుల కోసం వేసిన టెంటు కింది కుర్చీల్లో ముందు కుర్చీ చూసుకుని కూర్చున్నాడు.

వాడకట్టంతా సద్దుమణిగింది. సదానందం తల్లి పోశవ్వ కంగారుగా బయటికి వచ్చింది.

"ఎవలు పోయిండ్రురా?"

"ఎవ్వలు పోలే పెద్దమ్మా" అన్నాడు పరశురాములు, చేతులు జోడించి, గొంతు బాగా తగ్గించి. సాంచాల మధ్య చెవులు పోగొట్టుకున్న పోశవ్వకు జోడించిన చేతులు కనిపించాయి గానీ మాట వినిపించలేదు. గడప మీద కూలబడి ఏడుపు అందుకుంది.

"అయ్యో బిడ్డా! డప్పులు గూడ వెట్టకపోతిరి! గంత గతిలేనోడు ఎవడురా పోయింది?"

సాంచాలు ఆగాయి, ఏడుపు వినిపిస్తోంది, పరశురాములు వాకిట్లో టెంటు ఉంది. ఇక పక్క వాడలవాళ్లకు అనుమానం ఎందుకుంటుంది? పరామర్శకు రావడం మొదలుపెట్టారు. ఒకాయన పూలదండ కూడా తెచ్చాడు. కుర్చీలో కదలకుండా కూర్చున్న దశరథాన్ని చూసి, దండ పట్టుకుని అతని ముందే నిలబడిపోయాడు.

"నన్నేం జూస్తవయ్యా? నేను బతికే ఉన్న!" అని అరిచాడు దశరథం.

"మెల్లగనే అన్నా, మెల్లగ" అని పరశురాములు బతిమాలాడు.

సరిగ్గా అప్పుడే సదానందం వంటింట్లోంచి అతని భార్య నవనీత గొంతు వినిపించింది. ఆమె మొగుడితో ఏకాంతంగా, రోజూ మాట్లాడే గొంతుతోనే మాట్లాడుతోంది.

"పిల్లలకు రోగాలంట, రోగాలు! గా దశరథం బావకు కొంగల మీద కోపం ఎందుకో ఎరికేనా? కొత్త కారు తెచ్చి పెరటి గోడవతల సందుల చెట్టు కింద వెట్టిండు. దాని మీద రెట్ట పడుతుంది. గంతే! కారు జరుపుకునుడు శాతగాక చెట్లు కొట్టిస్తుండు!"

"మెల్లగ అనవే, సాంచాలు బందున్నయి!" అని సదానందం భార్యను హెచ్చరించాడు. అదీ వాడకట్టంతటికీ వినిపించింది.

పరామర్శకు వచ్చినవాళ్లు వచ్చిన పని మరిచిపోయి దశరథం వైపు తిరిగారు. దశరథం ముఖం కందగడ్డలా అయింది. ఒక్క ఉదుటున లేచి గోడ దగ్గరికి పోయాడు. అవతలి నుంచి సదానందం వచ్చాడు. మధ్యలో పరశురాములు ఇద్దరికీ దండం పెట్టాడు.

"కొట్లాడుండ్రి, నేను కాదంటలేను. జర సప్పుడు లేకుంట కొట్లాడుండ్రి."

వాళ్లు కొంగల మీద గౌరవంతో కాదు గానీ, అందరూ వింటున్నారన్న భయంతో ఆ మాట విన్నారు. పళ్లు బిగబట్టి, వేళ్లు చూపించుకుంటూ, గొంతు బయటికి రాకుండా తిట్టుకోసాగారు. సృజన మెడలో దుర్భిణీతో కారు దిగేసరికి కనిపించింది ఇదీ: ఏడుస్తున్న ముసలమ్మ, పూలదండ పట్టుకున్న మనిషి, టెంటు కింద దిగాలుగా జనం, గోడ దగ్గర సైగలతో కొట్లాడుతున్న ఇద్దరు పెద్దమనుషులు.

"అయ్యో, తెలియక వచ్చాను. ఇంకోసారి వస్తానన్నా" అని ఆమె వెనక్కి తిరిగింది.

పరశురాములుకు ప్రాణం పోయినంత పనైంది. పరుగున వెళ్లి అడ్డం నిలబడ్డాడు. "ఎవ్వలు సావలే మేడం! మీరు లొల్లి వద్దన్నరని సాంచాలు బందు వెట్టినం. గంతే!"

"సాంచాలా? వాటిని ఆపమని నేనెప్పుడు చెప్పాను?"

పరశురాములు జవాబు చెప్పేలోపు రేకుల కప్పుల మీద దబదబా చప్పుడైంది. కోతులు.

నర్సక్కపేటలో కోతుల బాధ లేని ఇల్లు లేదు, ఈ ఒక్క వాడకట్టులో తప్ప. తాము ఏటా కొండగట్టు హనుమంతుడి గుడికి పోయి వస్తాం కాబట్టి అంజన్న చల్లగా చూస్తున్నాడని ఇక్కడివాళ్లు ఊరంతా చెప్పుకునేవాళ్లు. అంజన్న పరివారం ఇప్పుడు మందగా దిగింది. ఒకటి వినోద చేతిలోని పళ్లెం లాగేసుకుని సర్వపిండి నోట్లో పెట్టుకుంది. తక్కినవి చింతచెట్లు ఎక్కాయి. కొంగలకు అరవడం రాదు. ముక్కులు టకటకలాడించాయి, రెక్కలు విప్పి బెదిరించాయి, చివరికి ఒకదాని వెంట ఒకటి లేచి చెరువు వైపు వెళ్లిపోయాయి. జనం అరిచారు, చప్పట్లు కొట్టారు, పరశురాములు చెప్పు విసిరాడు. ఊళ్లో రోజూ ఇలాంటివి చూసే కోతులు పళ్లు ఇకిలించాయి.

"జూసిండ్రా మేడం" అన్నాడు దశరథం, పోయిన పరువులో కొంతైనా రాబట్టుకుంటూ. "కొంగలు లేవు, కోతులున్నయి. రాసుకుంటరా?" అని ఫోన్ తీసి రంపపు మనిషిని రేపు పొద్దున్నే రమ్మన్నాడు.

పరశురాములు చెట్టు మొదట్లో కూర్చుండిపోయాడు. వినోద అతని పక్కకు వచ్చి పైకి చూసింది.

"గూళ్లల్ల గుడ్లున్నయయ్యా" అంది. "పురిటికి మనింటికి వచ్చిన ఆడిబిడ్డల అసోంటియి. గిట్ల జేస్తిమి."

ఇదంతా చూసిన సదానందానికి ఒళ్లు మండింది. "కొంగలే లేనప్పుడు నా సాంచాలు ఎందుకు బందుండాలె?" అని దశరథం ముఖం మీదే అని, విసవిసా షెడ్డులోకి పోయి స్విచ్చి వేశాడు. ఒక్కడు నడిపిస్తుంటే తానొక్కడే ఆపి కూర్చునే మనిషి ఆ వాడకట్టులో లేడు. అవతలివాడు వేశాడు, ఆ పైవాడు వేశాడు, చివరికి దశరథం షెడ్డులోనూ పనివాళ్లు వేసేశారు. కాసేపట్లో వాడకట్టంతా ఎప్పటిలా దద్దరిల్లింది.

గూటి పుల్లలు పీకబోతున్న పెద్ద కోతి ఆగింది. చెవులు రిక్కించింది. కింద రేకులు అదురుతున్నాయి, గోడలు అదురుతున్నాయి. సర్వపిండి తింటున్న కోతి ముక్క పారేసి ఉరికింది. దాని వెనక మంద మొత్తం కప్పులు దూకుతూ బజారు వైపు పారిపోయింది.

అందరూ ఆకాశం వైపు చూశారు. చెరువు మీద తిరుగుతున్న కొంగల్లో ఒకటి ఇటు మళ్లింది. కాళ్లు వేలాడేసుకుని నెమ్మదిగా దిగి, తన గూటి మీద నిలబడి, లోపలికి తొంగి చూసి కూర్చుంది. తర్వాత ఇంకొకటి. తర్వాత అన్నీ. చింతచెట్లు మళ్లీ తెల్లగా, గులాబీగా నిండిపోయాయి. చప్పుడుకు ఒక్కటీ తల కూడా తిప్పలేదు.

సృజన దుర్భిణీ దించి పరశురాములు చెవి దగ్గర అరిచింది. "అన్నా, ఈ చప్పుడుకే కోతులు ఇటు రావట్లేదు! అందుకే మీ చెట్లను ఎంచుకున్నాయి! మీ సాంచాలే వాటికి కాపలా!"

పరశురాములు సాంచాల షెడ్ల వైపు తిరిగాడు. ఆ చప్పుడును పుట్టినప్పటి నుంచి వింటున్నాడు. చెవులు పోతాయని డాక్టర్లన్నారు, పిల్లను ఇచ్చేది లేదని చుట్టాలన్నారు. దాని గురించి ఒక్క మంచి మాట అన్న మనిషిని అతను చూడలేదు. అంత దూరం నుంచి ఎగిరి వచ్చిన పక్షులు, ఇన్ని ఊళ్లు దాటి, ఈ చప్పుడును నమ్ముకుని పిల్లలను కంటున్నాయి. అతని ఛాతీ పొంగింది, కళ్లలో నీళ్లు తిరిగాయి. దాచుకోవాలని కూడా అనిపించలేదు.

"విన్నరా? మన సాంచాలేనట!" అని అరిచాడు. ఈసారి మెల్లగా అనమని ఎవరూ అనలేదు. పోశవ్వకు కూడా వినిపించింది. ఏడుపు ఆపి, "గట్లనా? అయితే ఎవ్వలు సావలేదా?" అంది.

దశరథం చెట్ల వైపు చూశాడు, సృజన రాసుకుంటున్న వైపు చూశాడు, మళ్లీ చెట్ల వైపు చూశాడు. ఆమె దగ్గరికి వెళ్లి, "మేడం, చెట్లకు అందరికంటే దగ్గరున్నది నా షెడ్డే. గది గూడ రాయుండ్రి" అన్నాడు, తనది వరసలో చివరి షెడ్డన్న సంగతి పక్కనపెట్టి. తర్వాత ఫోన్ తీసి రంపపు మనిషికి చెప్పాడు. "రాకు. ఎందుకా? మా కొంగలు గుడ్ల మీద ఉన్నయి."

మరుసటి ఏడు పుస్తకం వచ్చింది. పేరున్న సరస్సులూ అడవుల మధ్య నర్సక్కపేటకు ఒక నిండు పేజీ దక్కింది. మగ్గాలు నడిచే వేళల్లోనే వెళ్లాలని అందులో ఉంది. వచ్చిన వాళ్లందరినీ దశరథమే వెంటబెట్టుకుని, గుడ్లు తానే పొదిగినంత వివరంగా చెబుతాడు. ఈ వేసవిలో తీగల మరమ్మతుకని రోజంతా కరెంటు తీస్తామన్నప్పుడు, వాడకట్టునంతా తీసుకుని కరెంటాఫీసుకు పోయిందీ అతనే.

మనుషులకు ఉక్కపోస్తోందని చుట్టుపక్కల ఊళ్లన్నీ ఇన్నేళ్లు మొరపెట్టుకున్నా ఒక్క పూట వాయిదా పడని కరెంటు కోత, కొంగపిల్లలకు రెక్కలు వచ్చేదాకా వాయిదా పడింది.