పాత మదర్, కొత్త పవర్

ఆదివారం చర్చిలో పూజ నుంచి వచ్చిన తెరేసమ్మ గుమ్మంలో పీట వేసుకుని రొయ్యలు వలుస్తోంది. లోపల ఆమె కూతురు క్రిస్టినా కంప్యూటర్ భాగాలన్నీ మంచం మీద పరుచుకుని, కంప్యూటర్ షాపులో పనిచేసే నానితో ఫోన్లో మాట్లాడుతోంది. వీధి చివరి కాన్వెంటు బడికి కంప్యూటర్ టీచరు కావాలి. "నీ చేత్తో ఒకటి బిగించు. సాయంత్రం వచ్చి చూస్తాను. వెలిగిందా, ఉద్యోగం నీదే," అని ఆ బడి నడిపే మదర్ గారు క్రిస్టినాకు మాటిచ్చారు.

చిక్కల్లా ఒక్కటే. ఆమె కొన్న పవర్ సప్లై కొత్త రకం. పన్నెండు వోల్టులు తప్ప మరొకటి ఇవ్వదు. మదర్‌బోర్డు పాత రకం. దానికి అయిదూ, మూడూ కూడా విడిగా అందాలి.

"మన మదర్ పాతది నానీ. కొత్త పవర్ పడదు," అంటోంది క్రిస్టినా. "బలవంతంగా కలిపితే మదర్ కాలిపోద్ది. సాయంత్రంలోపు మదర్‌నన్నా తీసెయ్యాలి, పవర్‌నన్నా మార్చాలి."

తెరేసమ్మ చేతిలోని రొయ్య జారిపోయింది. మదర్ అంటే ఆమెకు తెలిసింది ఒక్కరే. గిన్నె మీద మూత పెట్టి పక్కింటికి పరిగెత్తింది.

"అమలమ్మొదినా, మన మదర్ గారిని తీసేస్తున్నారంట! ఆవిడకి పవర్ పడటం లేదంట."

"మరియతల్లీ! పవర్ పడకపోతే కళ్లద్దాలు మార్చాలి గానీ, మనిషిని తీసేస్తారా?"

"అదేగా నా బాధ! బలవంతపెడితే కాలిపోద్దంట కూడా."

మధ్యాహ్నానికి ఆ మాట పేటంతా పాకి, భవానీపురంలో మదర్ గారికి చూపు పోయింది. మరికాసేపటికి ఒళ్లు కూడా కాలింది. అమలమ్మ తమ్ముడు మరియదాసు ఆటోనగర్‌లో తన రిపేరు షెడ్డు మూసేసి, కాలిన గాయాల మందుతో వచ్చి వాలాడు.

సాయంత్రం మదర్ గారు వచ్చేసరికి తెరేసమ్మ ఇంటి ముందు వీడ్కోలుకి దండలూ, శాలువా, అరటి గెలా సిద్ధంగా ఉన్నాయి. మెడలో దండ పడింది. మరియదాసు ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"మెల్లిగా అమ్మా, ఇక్కడ మెట్టుంది."

"నాకు కనిపిస్తోందయ్యా!"

"పాపం, మనకే ధైర్యం చెప్తన్నారు," అని అమలమ్మ కళ్లు ఒత్తుకుంది.

క్రిస్టినాకు సంగతి అర్థమైంది. లోపలికెళ్లి కంప్యూటర్ ఎత్తుకొచ్చి అందరి ముందూ పెట్టింది.

"అమ్మా, నేనన్న మదర్ ఇదే! మదర్‌బోర్డు!"

అందరూ తెరేసమ్మ వైపు ఒక్క చూపు చూశారు. అరటి గెల భుజాన వేసుకుని మరియదాసు ముందు నడవగా, జనం కదిలిపోయారు.

మదర్ గారు దండతోనే కుర్చీలో కూర్చున్నారు. "మరి చివరికి ఏది తీసేశావు?"

"మదర్‌ని ఉంచేశానండీ. పవర్‌నే మార్చాను," అని క్రిస్టినా ప్లగ్గు పెట్టి మీట నొక్కింది. తెర వెలిగింది.

మదర్ గారు మెడలోని దండ తీసి ఒళ్లో పెట్టుకున్నారు.

"మా మఠం పెద్దలకి ఈ ఆలోచన రాలేదమ్మా. పొద్దున్నే ఫోను వచ్చింది. నన్ను బదిలీ చేశారు. నా చోట వచ్చే కొత్తావిడ ఎలాంటివారో నాకు తెలీదు, నువ్వు రేపే వచ్చి ఉద్యోగంలో చేరిపో." అని, తెరేసమ్మ వైపు తిరిగారు. "ఈ సంగతి ఇంకా ఎవరికీ తెలీదు. నీలోనే ఉంచుకో."

తెరేసమ్మ భక్తిగా తలూపింది. చెంగుతో చేతులు తుడుచుకుని, చెప్పులు తొడుక్కుని, గబగబా గడప దాటి అమలమ్మ ఇంటి దారి పట్టింది.