ఏనుగు నడుములో మా నాన్న కుర్చీ

అయ్యలారా, అమ్మలారా! మీ ఇంట్లో పనికొచ్చే వస్తువు ఏదైనా మిగిలి ఉందా? అయితే వెంటనే తెచ్చి వీధిలో పెట్టండి. మీ వంశం తరించిపోతుంది! మాది తరించింది కాబట్టే ఇంత ధైర్యంగా చెబుతున్నాను.

మా ఊరి నాలుగు రోడ్ల కూడలిలో కొత్తగా ఒక ఏనుగును నిలబెట్టారు. జనం పారేసిన సామాన్లతో చేసిన కళాఖండం అది. చెవులు కారు డోర్లు, తొండం వాషింగ్ మెషీన్ పైపు, కళ్లు స్కూటర్ హెడ్‌లైట్లు. నడుము మాత్రం మా నాన్న పడక కుర్చీ.

దాన్ని మేం పారేయలేదు. నల్లులు పట్టాయని ఎండలో పెట్టాం, అంతే! మా ఆవిడ వేణ్నీళ్లు తేవడానికి లోపలికి వెళ్లి వచ్చేలోగా శిల్పిగారి వ్యాను వచ్చి ఎత్తుకెళ్లిపోయింది. ఇంత చురుకైన ప్రజాసేవ మీరెక్కడైనా చూశారా?

లాభాలు ఒకటా రెండా! ఇన్నాళ్లూ ఆ కుర్చీలో పడుకుని ఈ కాలమ్ రాసేవాణ్ని. ఇప్పుడు నిలబడి రాస్తున్నాను. వాక్యాలు ఎంత పొట్టిగా వస్తున్నాయో చూశారుగా! ఎదురింటి మాస్టారు మందుల షాపు గోడకి ఆనించిన చేతికర్ర ఏనుగు దంతమైంది. ఇప్పుడాయన ఇల్లు కదలడం లేదు, వీధిలో ఎవరికీ సలహాల బెడద లేదు. పక్కింటి పిన్నిగారైతే మోకాలి చిప్పగా మారిన తన కుక్కర్ మూతను రోజూ వెళ్లి పలకరించి వస్తున్నారు. ఆ నడకకి బీపీ తగ్గిందట.

నల్లుల మాటేమిటంటారా? అవీ కళకే అంకితమయ్యాయి. ప్రారంభోత్సవంలో ఏనుగు నడుముకి ఆనుకుని ఫొటో దిగిన పెద్దమనిషి, ఉపన్యాసమంతా గోక్కుంటూనే ఇచ్చారు. జనం అది ఆవేశం అనుకుని ఒకటే చప్పట్లు!

అయినా మనసు ఊరుకోదు కదా. నాకు ఆ కుర్చీ కావాలి. నాన్న తల ఆనించీ ఆనించీ గుడ్డ మీద పడిన ఆ నూనె మరక నాకు కావాలి. అందుకే ఆ ఏనుగును పెట్టించిన మున్సిపాలిటీ కళా విభాగం ఆఫీసుకి వెళ్లాను. అధికారిగారు మర్యాదగా కూర్చోబెట్టారు. కుర్చీ లాగేస్తే ఏనుగు కూలిపోతుందనీ, దాని స్థానంలో పెట్టడానికి పాత సామాను ఏదైనా చూపిస్తే ఆలోచిస్తామనీ అన్నారు.

ఆనందం పట్టలేకపోయాను. మా గేటు ముందు ఉందిగా గుట్ట! విరిగిన బకెట్లు, చిరిగిన పరుపులు, కుళ్లిన కూరగాయలు, వీధి వీధంతా నెలల తరబడి పోసినవి. ఎన్ని అర్జీలు పెట్టినా తీసే నాథుడు లేడు. దాంతో ఒక ఏనుగేం ఖర్మ, ఏనుగుల మందనే చేసుకోవచ్చు! ఒక్కసారి వచ్చి చూడమని బతిమాలాను.

పాపం, వచ్చారు. రుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని గుట్ట చుట్టూ తిరిగారు.

"అబ్బే, ఇదంతా చెత్తండీ," అన్నారు. "మేం చెత్త ముట్టుకోం."

వెళ్తూ వెళ్తూ మా ఇంటి గేటును మాత్రం ముచ్చటగా నిమిరి చూశారు.