వాక్కాయ పొద కింద తాతగారు

ఒక పెద్ద అడవిలో చచ్చిపోయినవాళ్ళ బాగోగులు చూడడానికి కూడా ఒక కమిటీ ఉండేది. దాని పేరు పూర్వీకుల దిబ్బ పరిరక్షణ కమిటీ. అధ్యక్షుడు గుర్నాథం అనే నక్క. సమావేశాలన్నీ సింహంగారి గుహ దగ్గరే జరిగేవి, అక్కడైతే భోజనం బాగుంటుందని. దిబ్బ మీద మాత్రం ఏ సభ్యుడూ అడుగుపెట్టి ఎరగడు.

ఒకనాడు సింహంగారు ఆవలిస్తూ, "రేపు దిబ్బ దగ్గరికి వస్తున్నాం. మా తాతగారికి దణ్ణం పెట్టుకోవాలి," అన్నారు.

గుర్నాథం పరుగున వెళ్ళి చూస్తే దిబ్బ నిండా పొదలే. "ఛీ ఛీ, ఎంత నిర్లక్ష్యం!" అని, తనే అధ్యక్షుణ్ణన్న సంగతి మరిచిపోయి తిట్టాడు. వెంటనే దుప్పుల మందను పిలిచాడు. "ఈ పిచ్చిమొక్కలన్నీ పొద్దుగూకేలోగా మేసెయ్యండి!"

సరిగ్గా అప్పుడే ఇద్దరు పిల్లలతో దిబ్బ ఎక్కింది నాంచారమ్మ అనే ముళ్ళపంది. తిండి వెతుక్కుంటూ కొండల అవతలకి పోయి స్థిరపడిన ప్రాణి. పరాయి అడవిలో పిల్లలు ఏమైపోతారోనని ఆవిడకి క్షణక్షణం భయం. అబద్ధమాడితే ముళ్ళు రాలిపోతాయని చెప్పి మరీ పెంచుతోంది. అమ్మమ్మ ఎవరో కూడా వీళ్ళకి తెలియకుండా పోతుందన్న బెంగతో ఇంత దూరం నడిపించుకొచ్చింది.

"అయ్యో, గుర్నాథం బాబూ! అవి పిచ్చిమొక్కలా? పోయినవాళ్ళ మీద వాళ్ళకి ఇష్టమైన మొక్క నాటడం మన ఆచారం కదా. ఆ మొక్కే గుర్తు. ఇదిగో, ఈ వాక్కాయ పొద మా అమ్మది!"

"ఊరొదిలి పోయినవాళ్ళకే ఆచారాలు బాగా గుర్తుంటాయమ్మా. ఇక్కడున్నవాళ్ళకి పనులుంటాయి. తప్పుకో!"

దుప్పులకి ఆచారమూ తెలుసు, ఆకలీ తెలుసు. మేసుకుంటూ వచ్చాయి. నాంచారమ్మ పిల్లల్ని వాక్కాయ పొద కిందకి లాక్కుని, ముళ్ళు విప్పుకుని కూర్చుంది. ఒక దుప్పి మూతి పెట్టి కెవ్వుమంది.

"ఈ మొక్క మరీ పిచ్చిది బాబోయ్!" అంటూ మందను మిగతా పొదల మీదికి తోలుకుపోయింది.

మర్నాడు సింహంగారు వచ్చేసరికి దిబ్బ గుండులా మెరుస్తోంది.

"భేష్. మా తాతగారెక్కడ?"

కమిటీ మొత్తం నేల చూపులు చూసింది. గుర్నాథం చుట్టూ కలియజూశాడు. దిబ్బంతటికీ మిగిలింది ఒకే ఒక్క పొద.

"అదిగో ప్రభూ! చెత్తంతా తీయించి తమ తాతగారిది ఒక్కటే ఉంచాం."

"అన్నీ ముళ్ళేనేం?"

"తాతగారి స్వభావం, ప్రభూ."

"అవునవును, మహా కోపిష్టి," అంటూ సింహంగారు కళ్ళు తుడుచుకుని, పొద ముందు సాగిలపడ్డారు.

పక్కన నిలబడ్డ నాంచారమ్మ చిన్నకూతురు, పేరు బోడి, "అమ్మా, ఆయన మన అమ్మమ్మని పట్టుకుని తాతయ్యా అంటాడేంటి?" అంది.

నాంచారమ్మ దాని నోరు నొక్కింది. నిజం చెబితే అమ్మ పొద కూడా దుప్పి కడుపులోకి పోతుంది. చెప్పకపోతే పిల్లల ముందు తన పెంపకం ఏమవుతుంది? భయంభయంగా వీపు విదిలించి చూసుకుంది. ముళ్ళన్నీ ఉన్నాయి.

"ఆయన మనల్ని అడగలేదు కదమ్మా. అడిగితే చెబుదాం," అని గొణిగింది.

సింహంగారు అడగలేదు. ముళ్ళపందుల్ని అడిగే అలవాటు ఆ వంశంలోనే లేదు.

"గుర్నాథం! మా తాతగారిని కాపాడినవాడివి, ఇకమీదట కాపలా కూడా నువ్వే. రోజూ నీళ్ళు పొయ్యి. ఈ పొదలో ఒక్క రెమ్మ విరిగినా నీ మెడ విరుస్తాను," అని సెలవిచ్చి వెళ్ళిపోయారు. గుహ దగ్గర భోజనాలు అంతటితో సరి.

తిరుగు ప్రయాణానికి ముందు నాంచారమ్మ పిల్లల చేత అమ్మమ్మకి దణ్ణం పెట్టించింది. గుర్నాథం నీళ్ళు మోస్తూ వచ్చి, "అమ్మా, ఆ మాట ఎక్కడా అనకు," అని బతిమాలాడు.

"నేనెందుకంటాను బాబూ? నీళ్ళు మాత్రం పొద్దున్నే పొయ్యి. ఎండెక్కాక నిద్ర లేపితే అమ్మకి పడేది కాదు."

గుర్నాథం తలూపాడు. గొంతు తగ్గించి అడిగాడు. "మా నాన్నది రేగుపొద. ఎక్కడుండేదో నీకేమైనా తెలుసా?"

నాంచారమ్మ బోసిపోయిన దిబ్బ కేసి చూసింది. దూరంగా తీరిగ్గా నెమరేసుకుంటున్న దుప్పుల కేసి చూసింది.

"నిన్నటిదాకా తెలుసు బాబూ."

ఈ కథ విని పిల్లలు నేర్చుకోవలసింది: మన పెద్దలు కలకాలం చల్లగా పడుకోవాలంటే, వాళ్ళు తన పెద్దలేనని రాజుగారు పొరబడాలి.