మాట ఉచితం, చూపుకే రేటు

మొబైల్ డేటా ధర పెరగడం ప్రజలకు జరిగిన మేలు. ఇంకా పెరగాలి. పెంచిన కంపెనీలకు ఊరూరా సన్మానాలు జరగాలి. శాలువాల ఖర్చు కూడా మనమే పెట్టుకోవాలి.

తొందరపడి తిట్టకండి. ముందు లాభాలు చూడండి.

భైంసాలో పత్తి బేరగాళ్లు కూర్చునే ఒక హోటల్లో ఇప్పుడు చాయ్‌ని చల్లారకముందే తాగుతున్నారు. ఇంతకుముందు ఒక చేతిలో కప్పు, ఒక చేతిలో ఫోను ఉండేవి. ఫోనే గెలిచేది. లక్సెట్టిపేటలో సీమోను అనే పెద్దమనిషి నాలుగేళ్లుగా ఆదివారం ఆరాధనను మంచం మీద పడుకొని లైవ్‌లో చూసేవాడు. కొత్త రేట్లు వచ్చిన మూడో వారం చర్చికి వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు. పాస్టర్ ఆయన్ను కొత్త విశ్వాసి అనుకొని ముందుకు పిలిచి, తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశాడు!

నాలుగేళ్ల ప్రసంగాలు చేయలేని పనిని ఒక రీఛార్జి చేసింది. ఇది మేలు కాదా?

మరి గొడవ చేస్తున్నది ఎవరు? హెవీ యూజర్లు. రోజుకు ఒకటిన్నర జీబీ ఇస్తే పొద్దుగూకేలోపు ఊడ్చేసి, ఇంకా కావాలని చెయ్యి చాపేవాళ్లు. వీళ్లు ఎలా ఉంటారో తెలుసుకోవాలంటే సిరిసిల్ల వెళ్లాలి. అక్కడ దశరథం ఉన్నాడు.

దశరథం వయసు యాభై ఒకటి. ఇరవై ఎనిమిదేళ్లుగా మరమగ్గాల మీద పని. సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచ అంటారు. కొండల్ అనే ఆసామి షెడ్డులో ఎనిమిది సాంచలను దశరథం ఒక్కడే చూసుకుంటాడు. ఒంటి గంట కాగానే ఫోనును సాంచ చట్రానికి సుతిలితో కట్టి అరగంట వీడియో చూస్తాడు. సాయంత్రం ఐదింటికి మళ్లీ కట్టి, ఏడింటి దాకా చూస్తాడు. రోజూ! పని చేస్తూ!

ఈ అలవాటు మీద మొదట గొంతెత్తింది ఆయన భార్య వినోద. ఆమె ఇంట్లో బీడీలు చుడుతుంది. రేట్లు పెరిగాయని రీఛార్జి దుకాణంలో చెప్పిన రోజు ఆమె బాధపడలేదు. ఇన్నాళ్లకు తన పక్షాన మాట్లాడేవాళ్లు దొరికారనుకుంది. ఇంటికొచ్చి మొగుడి ఎదురుగా నిలబడి అడిగింది.

"అంత సేపు ఏం జూస్తవయ్యా గా ఫోన్ల?"

"పిల్లను జూస్తున్న."

"పిల్లతోని మాట్లాడు. కాల్ ఫ్రీయేనాయె. సూసుడెందుకు? మొన్ననే జూస్తిమి గదా, ముక్కు మారిందా?"

పిల్ల అంటే నవ్యశ్రీ. కరీంనగర్‌లో హాస్టల్లో ఉండి నర్సింగ్ మొదటి సంవత్సరం చదువుతోంది. బడికి పోకముందు నుంచే షెడ్డుకు వచ్చి తండ్రి పక్కనే కూర్చునేది. సాంచలు నడిచేటప్పుడు చెవి దగ్గర నోరు పెట్టి అరిచినా వినపడదు. అందుకని షెడ్డులో మాటలు చేతులతో నడుస్తాయి. చూపుడు వేలు కిందికి గీస్తే పోగు తెగిందని. బొటనవేలు, చూపుడు వేలు కలిపి రాస్తే ముడి వెయ్యమని. అరచెయ్యి అటూ ఇటూ ఊపితే సాంచ నడిపించమని. నవ్యశ్రీకి అక్షరాల కంటే ముందు ఇవి వచ్చాయి.

ఇరవై ఎనిమిదేళ్ల చప్పుడుకు దశరథం చెవులు సగం పోయాయి. ఇంట్లో మనుషుల పెదవులు చూసి నెట్టుకొస్తాడు. ఫోను చెవికి పెట్టుకుంటే మాత్రం గుయ్యిమంటుంది తప్ప మాట తెలియదు. కాబట్టి ఒంటి గంటకు తండ్రి షెడ్డులో, కూతురు కాలేజీ మెట్ల మీద, చేతులతో మాట్లాడుకునేవారు. అన్నంలో రాళ్లు, పక్క మంచం అమ్మాయి గురక, ఇంగ్లిషులో ఉన్న ఎముకల పేర్లు, అన్నీ. సాయంత్రం రెండు గంటలు అసలు మాట్లాడుకునేవారే కాదు. హాస్టల్ వైఫై మీద ఆమె ఫోను గోడకు ఆనించి చదువుకునేది. ఆయన సాంచలు చూసుకునేవాడు. అప్పుడప్పుడు ఒకరినొకరు చూసుకునేవారు.

రెండు గంటల మౌనానికి డేటా! ఇంతకన్నా దుబారా ఉంటుందా?

కంపెనీ లెక్కలో ఇది కాలక్షేపం. సినిమా చూసినా డేటానే, కూతురిని చూసినా డేటానే. కంపెనీకి పక్షపాతం లేదు. ఆ గుణాన్ని మెచ్చుకోవాలి.

పాత ప్యాక్ అయిపోయిన రోజు వినోద ఫోను తీసుకొని దుకాణానికి వెళ్లింది. పెద్ద ప్యాక్ రేటు విన్నది. చిన్నది వేయించింది. అందులో కాల్స్ ఎన్ని చేసినా ఉచితం. డేటా మాత్రం నెలంతటికీ రెండు జీబీ. నెలంటే ఇరవై ఎనిమిది రోజులని కంపెనీ ఎప్పుడో తేల్చింది. పన్నెండు నెలల్లో వాళ్లకు ఫిబ్రవరి ఒక్కటే నచ్చింది.

ఆ రెండు జీబీ రెండో రోజు సాయంత్రానికి అయిపోయింది. మూడో రోజు నుంచి ఆ ఇంట్లో మాట మొదలైంది. ఉచితంగా!

పద్ధతి ఇది. ఒంటి గంటకు వినోద సద్ది తీసుకొని షెడ్డుకు రావాలి. దశరథం బయటికి రావాలి. వినోద ఫోను చెవికి పెట్టుకొని కూతురు చెప్పింది మొగుడికి, మొగుడు చెప్పింది కూతురికి చేరవేయాలి. వినోద మంచి మనిషి. కాకపోతే ఆమె నోటి గుండా పోయే ఏ మాటైనా తిట్టుగా మారి అవతల తేలుతుంది.

"తిన్నదా అడుగు," అన్నాడు దశరథం.

"తినకుంట తిరుగుతున్నవా ఏందే?" అన్నది వినోద ఫోనులో.

"బాపు గట్లన్నడా?" అన్నది నవ్యశ్రీ.

"మరి నేనన్ననా?"

"ఎముకల పేర్లు వస్తున్నయా అడుగు," అన్నాడు దశరథం.

"సక్కగ సదువకుంటే ఎముకలు ఇరగ్గొడతడట!" అన్నది వినోద.

లాభం గమనించారా? రెండున్నర గంటల పని నాలుగు నిమిషాల్లో ముగుస్తోంది. మిగిలిన సమయంలో తండ్రి సాంచలు చూసుకోవచ్చు, కూతురు చదువుకోవచ్చు. ఇంతకుముందు కూడా వాళ్లిద్దరూ చేసింది అదేనంటారా? ప్రతిదానికీ వంకలు పెట్టకూడదు.

పదో రోజు మంగళవారం. నవ్యశ్రీ ఫోను చేసింది.

"అవ్వా, శనివారం సామాన్ సదురుకొని వస్త. ఇగ మళ్ల రాను ఇక్కడికి. నాతోని అయితలేదు. బాపుకు జెప్పు."

వినోద ఈసారి ఏమీ మార్చకుండా చెప్పింది. దశరథం సద్ది డబ్బాకు మూత పెట్టాడు. తర్వాత చూపుడు వేలు కిందికి గీశాడు. రెండు వేళ్లు కలిపి రాశాడు. అరచెయ్యి ఊపాడు.

"గిది జెప్పు దానికి," అన్నాడు.

"గిదెట్ల జెప్పాలె ఫోన్ల?"

"జెప్పు జర."

వినోద చెప్పింది. "పోగు తెగిందట. ముడెయ్యమంటుండు. నడిపించమంటుండు."

"ఏం పోగవ్వా? మళ్ల తిడుతున్నవా?" అన్నది నవ్యశ్రీ. ఫోను పెట్టేసింది.

డేటా వేయించవచ్చు కదా అని మీరు అడుగుతారు. వేయించారు. ఒక్క రోజు ప్యాక్, ఒక జీబీ. ఆ సాయంత్రం దశరథం ఫోనును చట్రానికి కట్టి డేటా ఆన్ చేశాడు. వారం నుంచి ఆకలితో ఉన్న ఫోను ముందు తన పని చూసుకుంది. ఏడు యాప్‌లు అప్‌డేట్ అయ్యాయి. కుల సంఘం గ్రూపులో ఆగిపోయిన శుభోదయాలు, గులాబీ పూలు, ఎవరిదో పెళ్లి ఊరేగింపు ముక్కలు ముక్కలుగా దిగాయి. నవ్యశ్రీ ముఖం కనబడింది. దశరథం చూపుడు వేలు ఎత్తాడు. అంతే, బొమ్మ ఆగిపోయింది. షెడ్డులో మిగతా నలుగురు పనివాళ్ల ఫోన్లు అడిగితే నాలుగింటిలోనూ ఒకే మెసేజ్ ఉంది: మీ నేటి డేటా ముగిసింది.

"నాది పొద్దుగాల్నే ఖతం అన్నా," అని ఆసామి కొండల్ కూడా ఫోను తిప్పి చూపించాడు.

ఇంకో ప్యాక్ వేయించాలంటే కూలి రావాలి. కూలి శనివారం వస్తుంది. నవ్యశ్రీ సామాను కూడా శనివారమే వస్తుంది.

ధరల పెంపులోని గొప్పతనం ఇక్కడే బయటపడింది. బుధవారం పొద్దున వినోద బీడీల చాట పక్కకు జరిపి, "నేను పోత," అన్నది.

తెలంగాణలో ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఉచితం. ఆధార్ చూపిస్తే సున్నా టికెట్ ఇస్తారు. సిరిసిల్ల నుంచి కరీంనగర్‌కు వినోదను మొత్తంగా తీసుకెళ్లడానికి అయ్యే చార్జీ ఏమీ లేదు. అదే దూరం ఆమె మొగుడి రెండు చేతులను తీసుకెళ్లడానికి మాత్రం ప్యాక్ వేయాలి. ఇందులో తప్పేముంది? మనిషి రోడ్డు మీద పోతాడు. చేతులు గాలిలో పోవాలి. గాలి రేటు ఎక్కువ.

బయల్దేరే ముందు దశరథం ఆమెకు అరగంట నేర్పాడు. తెగింది, ముడి, నడిపించు.

"నోరు తెరువకు," అన్నాడు. "తెరిస్తివా, అది శనివారం దాక గూడ ఆగది. చేతులే."

బస్సులో నిలబడటానికి చోటు దొరికింది. గంటంబావు దారి. ఒక చేత్తో కడ్డీ పట్టుకొని, రెండో చేతి వేళ్లు కదుపుతూనే ఉంది. కండక్టరమ్మ రెండుసార్లు చూసింది.

"ఏమైంది పెద్దమ్మా, చెయ్యి గుంజుతుందా?"

"లేదు బిడ్డా, ఫోన్ జేస్తున్న," అన్నది వినోద.

హాస్టల్ గేటు దగ్గర వార్డెన్ పది నిమిషాలు ఇచ్చింది. నవ్యశ్రీ వచ్చింది. కళ్లు వాచి ఉన్నాయి. వినోదకు నోటి దాకా చాలా వచ్చాయి. నోరు మూసుకుంది. చేతులు ఎత్తింది. అరచెయ్యి ఊపింది. వేళ్లు రాసింది. చూపుడు వేలు కిందికి గీసింది.

నవ్యశ్రీ చూసి, మళ్లీ చెయ్యమంది. వినోద మళ్లీ చేసింది.

"అవ్వా, ఉల్టా జెప్తున్నవ్. నడిపిచ్చి, ముడేసి, తెంపమంటున్నవ్!"

"గట్లనా?"

నవ్యశ్రీ నవ్వింది. తల్లి చేతులు పట్టుకొని వరుస సరిచేసింది. "ముందుగాల తెగుతది. తర్వాత ముడి. గప్పుడు నడుసుడు." వినోద చేసింది. కుదరలేదు. నవ్యశ్రీ మళ్లీ చూపించింది, ఈసారి నెమ్మదిగా. మూడోసారి చూపించడం అయిపోయాక కూడా ఆ చేతులు వదల్లేదు.

"బాపుకేం జెప్పాలె?" అన్నది వినోద.

నవ్యశ్రీ, తల్లి కుడిచేతి బొటనవేలినీ పక్క రెండు వేళ్లనూ దగ్గరికి నొక్కి, పుల్లను పట్టుకున్నట్టు పెట్టింది.

"గిట్లనే పట్టుకపో. ఇడువకు. బాపుకు తెలుస్తది."

తిరుగు బస్సులో వినోద ఆధార్‌ను ఎడమచేత్తో తీసింది. కుడిచెయ్యి అలాగే ఉంది. దెబ్బ తగిలిందనుకొని ఒకామె లేచి సీటు ఇచ్చింది. డేటా చవకగా ఉన్న రోజుల్లో ఇలాంటి మర్యాద ఎక్కడైనా చూశామా? వేములవాడ దాటాక కునుకు పట్టింది. వేళ్లు మాత్రం విప్పలేదు.

షెడ్డులోకి వెళ్లి చెయ్యి చూపించింది. దశరథం దాన్ని చూశాడు. దగ్గరలో ఉన్న సాంచ ఒకటి ఆపాడు. పోగుల మధ్య అటూ ఇటూ తిరిగే నాడెలోంచి నూలు అయిపోయిన కండె పుల్లను తీసేశాడు. కొత్త కండెను అవే మూడు వేళ్లతో పట్టుకొని ఆమెకు చూపించి, నాడెలో పెట్టి, సాంచను మళ్లీ నడిపించాడు. తర్వాత ఆమెను బయటికి తీసుకొచ్చాడు.

"కండె మార్చెటప్పుడు సాంచ ఆగుతది. ఆగితే బంద్ అయినట్టు గాదు," అన్నాడు. "శనివారం వస్తది. ఐతారం మళ్ల పోతది. సామాన్ తేదు."

"గీ ముక్క నాకు నోటితోని జెప్పొద్దా అది? చెయ్యి కొయ్యవారిపాయె!"

"నోటితోని జెప్తే నువ్వు దాన్ని ఏం జేస్తవో దానికి తెల్వదా?"

శనివారం నవ్యశ్రీ ఒక చేతిసంచితో వచ్చింది. ఆదివారం అదే సంచిలో సర్వపిండి పెట్టుకొని పోయింది. రెండుసార్లూ సున్నా టికెట్టే.

చూశారు కదా, రేట్లు పెరగకపోతే వినోద ఆ బస్సు ఎక్కేదా? పాతికేళ్లు కాపురం చేసిన మనిషి భాష నేర్చుకునేదా? కంపెనీ మేలు ఊరికే పోదు. అయితే శనివారం కూలి రాగానే పెద్ద ప్యాక్ వేయించడానికి పోయింది ఆమే. దుకాణంలో ఒక మాట అడిగింది.

"తమ్మీ, గీ దాంట్ల కాల్స్ తీసేసి, గా పైసలకు సూసుడు ఎక్కువ ఇయ్యరా?"

"కాల్స్ ఫ్రీయే గదక్కా. ఫ్రీది తీసేస్తే ఏం తగ్గుతది?" అన్నాడు దుకాణదారు.

మరుసటి వారం మంగళవారం పన్నెండున్నరకు ఆమె సద్ది తీసుకొని షెడ్డుకు వెళ్లేసరికి దశరథం ఫోను వెలుగుతోంది. ఆయన దాన్ని ఆమె చేతిలో పెట్టాడు. వినోద బయటికి వచ్చి చెవికి పెట్టుకుంది. కంపెనీ నుంచి ఒక అమ్మాయి.

"నమస్తే మేడమ్. కొత్త ప్యాక్ వేశాక మీ నంబర్లో డేటా వాడకం చాలా ఎక్కువగా ఉందండి. ఫ్రీ కాల్స్ మాత్రం అసలు వాడట్లేదు. కారణం తెలుసుకోవచ్చా? మీలాంటి హెవీ యూజర్స్ కోసం మా దగ్గర ఇంకా పెద్ద ప్లాన్ ఉందండి."

వినోద ఫోను పట్టుకొని షెడ్డులోకి నడిచింది. దశరథం చూసే సాంచలన్నిటి మధ్య నిలబడి, ఫోను ఉన్న చెయ్యి పైకెత్తింది. ఎనిమిది సాంచలూ నడుస్తున్నాయి. అలా ఒక నిమిషం పట్టుకుంది. ఉచితమే కదా! తర్వాత బయటికి వచ్చి చెవికి పెట్టుకుంది. అమ్మాయి ఇంకా లైన్లోనే ఉంది.

"హలో? మేడమ్? ఏమీ వినిపించట్లేదండి!"

"గందుకే బిడ్డా," అన్నది వినోద.