ఒక్క బోల్టూ వదలని రంగు

శుక్రవారం నమాజు అయ్యాక స్నేహితుడు షెహాతాను వెనక కూర్చోబెట్టుకుని రాస్ ఎల్ బర్ వెళ్లాలి. నైలు సముద్రంలో కలిసే చోట రాళ్ల మీద కూర్చుని కాల్చిన చేపలు తినాలి. చీకటి పడేలోగా దమియెట్టా తిరిగొచ్చేయాలి. బషందీ పొద్దున లేవగానే వేసుకున్న పథకం ఇంతే, ప్రతి శుక్రవారం ఉండేదే. ఈసారి కొత్తదల్లా బండి మెరుస్తూ ఉండడం.

బషందీ మంచాలకూ కుర్చీలకూ పాలిష్ పట్టే పనివాడు. ఎక్కడ కాస్త కొయ్య బయటికి కనిపించినా అతని చెయ్యి ఊరుకోదు. తిరగేస్తే తప్ప కంటబడని కుర్చీ అడుగుకు కూడా పూత మీద పూత వేస్తాడు. పాత మోటారు సైకిలు చట్రం మీద అక్కడక్కడా రంగు లేచి తుప్పు కనబడితే, ఆ కాస్త మేరా అద్ది ఊరుకుందామనే మొదలుపెట్టాడు. తీరా సీటూ బ్యాటరీ ఊడదీసి, తీగలన్నీ విప్పి, గరుకు కాగితంతో చట్రమంతా రుద్ది, నల్ల రంగు వేసి, పైన వార్నిష్ కూడా పట్టించి గానీ లేవలేదు.

సందులో వాళ్లంతా వచ్చి చూశారు. చూసినవాళ్లంతా పద్ధతిగా దేవుణ్ణి తలుచుకుంటూ "మాషా అల్లా" అన్నారు. పైన బాల్కనీలోంచి బషందీ భార్య ఇన్‌షిరాహ్ ఆ మాట ఎవరు అన్నారో ఎవరు అనలేదో చెవులు రిక్కించి వింటూనే ఉంది. ఆ మాట అనకుండా మెచ్చుకునేవాడి కన్ను ఏ వస్తువు మీద పడితే ఆ వస్తువు పని అయిపోయినట్టే. ఈ విషయంలో ఆవిడకు ఎలాంటి సందేహాలూ లేవు.

అప్పుడు షెహాతా వచ్చాడు. ఎదురుగా ఉన్న కుర్చీల దుకాణం అతనిదే. అతను చేసిన కుర్చీకి ఇతను పాలిష్ పట్టడం, ఇతని పాలిష్‌కి అతను వంకలు పెట్టడం ఇద్దరికీ మీసాలు మొలిచిన నాటి నుంచీ నడుస్తోంది. పుట్టిన పిల్లలు దక్కడం లేదని, ఎవరి కన్నూ పడకుండా వాళ్లమ్మ అతనికి బిచ్చగాడని అర్థం వచ్చే పేరు పెట్టుకుంది. లోకం కన్ను కొడుకు మీద పడకుండా చూసుకుంది గానీ, కొడుకు కన్ను లోకం మీద పడే సంగతి పాపం ఆవిడకు తట్టలేదు.

షెహాతా బండి చుట్టూ తిరిగాడు. వంగి సీటు కిందికి తొంగి చూశాడు.

"ఏరా, ఒక్క బోల్టు కూడా వదల్లేదా నువ్వు?"

"చూశావా మరి," అన్నాడు బషందీ పొంగిపోతూ.

పైనుంచి ఇన్‌షిరాహ్ దగ్గింది. షెహాతా తలెత్తి సలాం చెప్పి వెనక సీటు ఎక్కేశాడు. అనాల్సిన మాట అనలేదు.

సగం దారిలో హారన్ పిల్లి కూనలా మూలిగింది. ఇంకాస్త దూరం పోయాక ఇంజను రెండు మూడు సార్లు దగ్గి ఆగిపోయింది. బ్యాటరీలో చుక్క కరెంటు లేదు. బాతులు తీసుకెళ్తున్న లారీవాడు జాలిపడి ఎక్కించుకున్నాడు. బాతుల గంపల మధ్య బండి, బండిని పట్టుకుని బషందీ, ఒళ్లో బాతుతో షెహాతా. దారి పొడుగునా ఇద్దరూ కడుపు పట్టుకుని నవ్వుతూనే వచ్చారు.

ఇంట్లో మాత్రం ఎవరూ నవ్వలేదు.

"నేను అప్పుడే అనుకున్నా," అంది ఇన్‌షిరాహ్. "వాడు నోరారా మెచ్చుకున్నాడు, దేవుడి మాట మింగేశాడు."

"పాత బ్యాటరీ చచ్చింది. దానికీ షెహాతాకూ ఏమిటే సంబంధం?"

"కొత్తది వేసి చూడు, నీకే తెలుస్తుంది."

కొత్తది వేశాడు. అదీ ఆ వారమే చచ్చింది. బళ్లు బాగుచేసే మెత్వల్లీ వచ్చి, బ్యాటరీకి కరెంటు పంపే డబ్బా పోయిందని తేల్చి, దాన్ని మార్చాడు. బ్యాటరీకి మీటరు పెట్టి చూస్తే ముల్లు కదల్లేదు. తీగలు మార్చాడు. ముల్లు అలాగే నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుంది. మార్చడానికి ఇంకేమీ మిగలకపోయేసరికి మెత్వల్లీ చేతులు తుడుచుకున్నాడు.

"బషందీ మేస్త్రీ, నా చేతుల్లో ఉన్నదంతా చేశాను. నన్నడిగితే ఇది సామాను లోపం కాదు. దీన్ని ఎవరైనా చూశారా?"

ఓడిపోయానని చెప్పుకోవడం కన్నా అది సులువు మరి. అయినా అక్కడితో ఆగినా బాగుండేది. ఆ సాయంత్రం కాఫీ కొట్టులో ఎవరో "బండికేమైందయ్యా?" అని అడిగారు. బషందీకి చిరాగ్గా ఉంది. పదిమందిని నవ్విద్దామని కూడా ఉంది. "ఏముంది, షెహాతా చూశాడు," అనేశాడు.

అందరూ నవ్వారు. తర్వాత ఒకాయన నవ్వడం ఆపి, పోయినేడు తన అద్దం పగిలిన రోజు షెహాతా దాని ముందు నిలబడి మీసం దువ్వుకున్న సంగతి గుర్తు చేసుకున్నాడు. ఇంకొకాయనకు ఎండిపోయిన మల్లె తీగ గుర్తొచ్చింది. మెత్వల్లీ అయితే తన బట్టతల మొదలైన రోజుల్లో జుట్టు బాగుందన్నది ఎవరో ఆలోచనలో పడ్డాడు. టీ గ్లాసులు ఖాళీ అయ్యేసరికి షెహాతా కన్ను ఊరు మొత్తం మీద పడి ఉంది.

దమియెట్టాలో కుర్చీలు కొనేది పెళ్లివారు. దిష్టికి పెళ్లివారు భయపడినంతగా ఇంకెవరూ భయపడరు. షెహాతా వీధిలోకి వస్తుంటే తయారైన మంచాల మీద దుప్పట్లు కప్పడం మొదలుపెట్టారు. ఒక పెళ్లికూతురి తల్లి, సగం చెక్కిన కుర్చీల ఒప్పందం వదులుకుని వెళ్లిపోయింది. ఎందుకని అడిగితే అతని మొహం కేసి చూడకుండా, "మీరు మంచివారే బాబూ" అందట. ఆ తర్వాత ఇంకో ఇద్దరు వెళ్లిపోయారు. షెహాతా నేల చూపులు చూస్తూ నడవడం నేర్చుకున్నాడు.

ఒకరోజు అతను బషందీ గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. లోపలికి రాలేదు.

"ఆ మాట నువ్వన్నావట కదరా?"

"నవ్వులాటకి అన్నాను."

"మరి నవ్వులాటకని చెప్పలేకపోయావా?"

"చెబుదామనే అనుకున్నా. ఈలోపు…" నిజానికి ఆ బండి ఎందుకు ఆగిందో బషందీకీ తెలియదు. తెలియనప్పుడు మనిషి మనసులో ఒక మూల పాడు అనుమానం చేరుతుంది. దాన్ని షెహాతా అతని మొహంలో చూసేశాడు. వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు. పరిగెత్తి ఆపాల్సింది. బషందీ ఆపలేదు.

ఇక ఇన్‌షిరాహ్ ఆగలేదు. దిష్టి తీయడంలో చెయ్యి తిరిగిన జకియ్యా పిన్నిని పిలిపించింది. పిన్ని కాగితంతో బొమ్మ కత్తిరించి, సూదితో పొడుస్తూ, "ఫలానా కన్ను, ఫలానావాడి కన్ను" అంటూ సందులో వాళ్లందరినీ పేరు పేరునా తలిచింది. షెహాతా పేరు దగ్గర సూది అటునుంచి ఇటు దిగింది. నిప్పుల కుంపట్లో ఉప్పు, పటిక, బొమ్మ వేసి, బండి చుట్టూ తిప్పి, సీటు కింద పెట్టింది. బొమ్మ భగ్గుమని లేచింది. మంట వెళ్లి చట్రాన్ని నాకింది.

"నా రంగు," అంటూ బషందీ కుంపటి లాగేశాడు. సీటు కింద ఒక బోల్టు దగ్గర వార్నిష్ బొబ్బలెక్కింది. బొబ్బలెక్కిన పూతను చూస్తూ ఊరుకోవడం అతని వల్ల కాదు. బోల్టు విప్పి, దాని కిందున్న నల్ల తీగ కొస పక్కకు తీసి, ఇనుము తెల్లగా కనబడేదాకా కత్తితో గీకాడు. మళ్లీ రంగు వేద్దామంటే ఆడవాళ్లు తొందర పెట్టారు. అలాగే బిగించి ఇంజను స్టార్టు చేశాడు. మెత్వల్లీ మీటరు పెట్టాడు. ముల్లు చెంగున లేచింది.

పిన్ని గొంతెత్తి శుభం పాడినట్టు ఉలులూ అంటూ కూత పెట్టింది. సందంతా అందుకుంది. బషందీ మాత్రం ఆ బోల్టు కేసి చూస్తూ ఉండిపోయాడు. ఆ తీగ ఇనుముకు తగిలితేనే బ్యాటరీకి కరెంటు చేరుతుంది. తీగకూ ఇనుముకూ మధ్య తన రంగూ తన వార్నిషూ దుప్పటి కప్పినట్టు కప్పి ఉన్నాయి.

"ఇది దిష్టి కాదు. నేనే పూశాను."

"పూసింది నువ్వే నాయనా. ఆ పూత మీద కన్నేసింది వాడు," అంది పిన్ని.

అతను ఎదుటి దుకాణానికి పరిగెత్తాడు. షెహాతా సగం చెక్కిన కుర్చీల మధ్య కూర్చుని అంతా విన్నాడు.

"నేను ఆ రోజు అన్నదేమిటి?"

"ఒక్క బోల్టు కూడా వదల్లేదని మెచ్చుకున్నావు."

"మెచ్చుకోలేదురా. తిట్టాను. తిట్టినప్పుడు మాషా అల్లా ఎవరంటారు? నీకు పొగడ్త కావాలి కాబట్టి పొగడ్తలా వినబడింది."

బషందీ సిగ్గుతో చచ్చిపోయాడు. మర్నాడే జనాన్ని పోగేసి అతని మీద పడ్డ మచ్చ తుడిచేస్తానని మాటిచ్చాడు. తుడిచేవాడి చెయ్యి ఎలాంటిదో తెలిసి కూడా షెహాతా వచ్చాడు.

అందరి ముందూ బషందీ ఆ బోల్టు విప్పి, కింద ఇనుముకు రంగు పూసి, ఎండలో ఆరబెట్టి, మళ్లీ బిగించాడు. "ఇప్పుడు చూడండి, కరెంటు రాదు," అన్నాడు. రాలేదు. జనం ముల్లు కేసి చూడలేదు. మొదటి వరసలో నిలబడ్డ షెహాతా కేసి చూసి, ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

"మరి రాదుగా, అతను ఇక్కడే ఉన్నాడు," అన్నాడు మెత్వల్లీ.

షెహాతా తల వంచుకుని వెళ్లిపోయాడు. "ఆగరా, ఇంకా అవలేదు," అని అరుస్తూ బషందీ కంగారు కంగారుగా రంగు గీకి బోల్టు బిగించాడు. షెహాతా సందు మలుపు తిరగడం, ముల్లు లేవడం ఒక్కసారే జరిగాయి. ఇక ఆ ఊళ్లో ఎవరికీ అనుమానమన్నది మిగల్లేదు.

షెహాతా నది అవతల తమ్ముడి దుకాణానికి మారిపోయాడు. బషందీ రెండు శుక్రవారాలు ధైర్యం చాలక, తర్వాతి శుక్రవారం చాలినా చాలకపోయినా, బండేసుకుని వెళ్లాడు. బయల్దేరబోతూ ముందు చక్రం మడ్‌గార్డు మీద కావాలనే రంగు కారేలా పూశాడు. కన్నీటి చారలా ఇంత పొడుగున దిగింది ఆ చార. జీవితంలో అంత దరిద్రపు పని అతను చేయలేదు. అది చూసి షెహాతా కడిగిపారేస్తాడని, తిట్టి తిట్టి అలిసిపోయి వెనక సీటు ఎక్కుతాడని ఆశ.

షెహాతా బయటికొచ్చాడు. టీ తెప్పించాడు. బండి చుట్టూ తిరిగి చార దగ్గర ఆగాడు.

"మాషా అల్లా. చాలా బాగుందండీ."

ఇద్దరూ టీ తాగారు. రాస్ ఎల్ బర్ మాట ఎవరూ ఎత్తలేదు. తిరుగు దారిలో బండికి ఛార్జింగ్ లోటేమీ రాలేదు.